అనుభవం కొంచెమే ఉన్నప్పుడు సినిమా రెజ్యూమె రాయడం ఎలా

రాత్రి తొమ్మిదవుతుంది. మర్నాడు ఎవరు ఎన్ని గంటలకు ఎక్కడికి రావాలో చెప్పే కాల్ షీట్ దాదాపు పూర్తయింది. అప్పుడు ఫోను మోగుతుంది. ఒక ప్రొడక్షన్ అసిస్టెంటుకు జ్వరం, రేపు రాలేరు. ప్రొడక్షన్ కోఆర్డినేటర్ పాత మెయిళ్లు తెరిచి, వచ్చి పడి ఉన్న రెజ్యూమెలను ఫోను తెర మీదే ఒకటి తరవాత ఒకటి చూడటం మొదలుపెడతారు. ఒక్కోదానికి అర నిమిషం దక్కితే గొప్ప.

ఆ పని నేను కొన్నేళ్లు చేశాను. ఆ అర నిమిషంలో కళ్లు వెతికేవి మూడే. ఈ మనిషి ఏ పనికి పనికొస్తారు? ఇంతకుముందు సెట్ మీద నిలబడ్డారా? తెల్లవారుజామున చెప్పిన చోటికి చెప్పిన వేళకు రాగలరా? ఈ మూడింటికీ జవాబు దొరికిన కాగితం మీద ఉన్న నంబరుకే ఫోను వెళుతుంది. అందులో రెండే క్రెడిట్లు, అంటే ఏ సినిమాకు ఏ పని చేశారో చెప్పే వరుసలు, ఉన్నా పరవాలేదు. పదిహేను క్రెడిట్లు ఉండి, ఏ పని కావాలో తెలియని రెజ్యూమె మాత్రం పక్కకు పోతుంది.

అందుకే ముందే ఒక మాట. మీ అనుభవం తక్కువ కావడం పెద్ద అడ్డంకి కాదు. దాన్ని ఎక్కువ చేసి చూపాలని చేసే ప్రయత్నమే అడ్డంకి.

ముందు ఒక్క పని ఎంచుకోండి

చిన్న సినిమాల్లో అందరూ అన్నీ చేస్తారు. కథ రాసినవారే కెమెరా పట్టుకుంటారు, రాత్రి కూర్చుని ఎడిటింగ్ చేస్తారు, మనిషి తక్కువైతే ఒక పాత్ర కూడా వేస్తారు. అది నిజమే. కానీ రెజ్యూమె పైన ‘దర్శకుడు, రచయిత, ఎడిటర్, ఛాయాగ్రాహకుడు, నటుడు’ అని రాస్తే చదివేవారికి వీటిలో ఏదీ పూర్తిగా రాదేమోనన్న అనుమానమే మిగులుతుంది.

సినిమా యూనిట్ విభాగాలుగా నడుస్తుంది. దర్శకత్వం, ప్రొడక్షన్, కెమెరా, లైటింగ్, సౌండ్, ఆర్ట్, కాస్ట్యూమ్స్, మేకప్, ఎడిటింగ్, గ్రాఫిక్స్. ఎక్కువ చోట్ల ప్రతి విభాగమూ తన మనుషులను తానే ఎంచుకుంటుంది. కెమెరా అసిస్టెంట్లను ఛాయాగ్రాహకుడో, షాటులో ఫోకస్ చూసుకునే ఫోకస్ పుల్లరో చూసుకుంటారు. బూమ్, అంటే పొడవాటి కర్రకు తగిలించిన మైకు, పట్టుకునేవారిని సౌండ్ రికార్డిస్టు పిలుచుకుంటారు. అంటే మీ రెజ్యూమె చదివేది ఆ పని ఏళ్ల తరబడి చేసినవారు. వారికి ఆ పని భాషలోనే చెప్పాలి.

కాబట్టి పేరు కింద ఒక్క హోదా రాయండి. ప్రొడక్షన్ అసిస్టెంట్, రెండో కెమెరా అసిస్టెంట్, ఆర్ట్ అసిస్టెంట్, అసిస్టెంట్ ఎడిటర్ లాంటి మొదటి మెట్టు పనుల్లో ఏదో ఒకటి. రెండు విభాగాల మీద ఆసక్తి ఉంటే రెండు రెజ్యూమెలు తయారు చేసుకోండి, ఒకదాంట్లో రెండోదాని ఊసు వీలైనంత తక్కువగా ఉండాలి. దర్శకుడు కావాలన్న కోరిక గౌరవించదగ్గదే, దాన్ని వదులుకోమని అనడం లేదు. అయితే ప్రొడక్షన్ అసిస్టెంటు కోసం వెతుకుతున్నవారికి పైన ‘దర్శకుడు’ అని కనిపిస్తే, ఈయన రోడ్డు చివర నిలబడి వాహనాలు ఆపే పని మనసు పెట్టి చేస్తారా అన్న సందేహం వస్తుంది.

చేసినవన్నీ ఒక నోటుపుస్తకంలో రాయండి

కంప్యూటర్ ముందు కూర్చుని నమూనాలు వెతకడం తరవాత. ముందు ఒక పుస్తకం తీసుకుని, మీరు కెమెరా చుట్టుపక్కల చేసిన ప్రతి పనీ రాయండి. విద్యార్థి చిత్రం, స్నేహితుడి లఘుచిత్రం, మ్యూజిక్ వీడియో, ఒక సంస్థ కోసం తీసిన ప్రచార వీడియో, రెండు రోజుల్లో సినిమా తీసే పోటీ, నాటకంలో తెర వెనక పని, ఏదో కార్యక్రమాన్ని ప్రత్యక్ష ప్రసారం చేసినప్పుడు కెమెరా దగ్గర నిలబడటం. ఏదీ చిన్నదని వదలకండి. వడపోత తరవాత చేద్దాం.

ప్రతి దానికీ పక్కన ఈ వివరాలు ఉండాలి: ఏ సంవత్సరం, షూటింగ్ ఎన్ని రోజులు, అందులో మీరున్నవి ఎన్ని, మీ హోదా, దర్శకుడి పేరు, నిర్మాణ సంస్థ పేరు, వాడిన కెమెరా లేదా సాఫ్ట్‌వేర్, యూనిట్‌లో ఎంతమంది, సినిమా చివరికి ఎక్కడ చూపించారు.

ఇవన్నీ గుర్తుండవు. ఫోనులో ఆ రోజుల ఫొటోలు తిరగేయండి, వాట్సాప్ బృందాల్లో పాత సందేశాలు చూడండి. కాల్ షీట్లు దొరికితే ఇక వెతకనక్కర్లేదు. తేదీ, మీ పేరు, మీ హోదా అచ్చులో ఉంటాయి. తెరమీద మీ పేరు పడకపోయినా మీరు అక్కడ పనిచేశారనడానికి అదే ఆధారం. ఇకమీదట వచ్చే ప్రతి కాల్ షీటునూ ఒక ఫోల్డరులో దాచుకోండి.

క్రెడిట్లు: రెజ్యూమెకు గుండెకాయ

మామూలు ఉద్యోగాల రెజ్యూమెలో ఒక్కో ఉద్యోగం కింద నాలుగైదు వాక్యాలు ఉంటాయి. సినిమా రెజ్యూమె అలా ఉండదు. ఒక్కో సినిమాకు ఒక్కో వరుస. అందులో సినిమా పేరు, రకం, మీ పని, దర్శకుడు లేదా నిర్మాణ సంస్థ, సంవత్సరం. పట్టికలా నిలువు వరుసలు సరిగ్గా కలవాలి. ఎందుకంటే చదివేవారి చూపు అడ్డంగా కాకుండా నిలువుగా జారుతుంది. దర్శకుల పేర్లున్న వరుసలో పైనుంచి కిందికి వెళుతూ తమకు తెలిసిన పేరు కోసం వెతుకుతారు. తెలిసిన పేరు కనిపిస్తే ఒక్క ఫోనుతో మీ గురించి కనుక్కోవచ్చు కదా.

అనుభవం తక్కువ ఉన్నవారికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. మూడో నాలుగో క్రెడిట్లే ఉన్నప్పుడు ప్రతి దాని కిందా ఒక చిన్న వాక్యం రాయవచ్చు. ఆ వాక్యం ఎలా ఉండాలో చూద్దాం. నాకు తరచుగా వచ్చేది ఇలా ఉండేది:

*ఒక షార్ట్ ఫిల్మ్‌కు కెమెరా విభాగంలో పనిచేశాను. ఎన్నో విషయాలు నేర్చుకున్నాను. అందరికీ సహకరించాను.*

ఇందులో అబద్ధం లేదు, సమాచారమూ లేదు. అదే మనిషి అదే పనిని ఇలా రాయవచ్చు:

*‘చిత్రం పేరు’ | లఘుచిత్రం, 14 నిమిషాలు | రెండో కెమెరా అసిస్టెంట్ | దర్శకత్వం: ‘పేరు’ | 2024*
*నాలుగు రోజుల షూటింగ్, రెండు రాత్రి షూటింగులు. క్లాప్, కెమెరా రిపోర్టు, లెన్సుల మార్పిడి, నటుల స్థానాలకు నేల మీద టేపు గుర్తులు.*

రెండు రాత్రి షూటింగులు అన్న మాట చూడండి. రాత్రంతా నిలబడి, తెల్లారి సామాను సర్దే దాకా ఉన్న మనిషి అని ఆ మాటే చెబుతుంది. ‘కష్టపడి పనిచేసే స్వభావం’ అని వేరే రాయనక్కర్లేదు. కెమెరా రిపోర్టు అనడంతో ఏ షాటుకు ఏ లెన్సు, ఎన్ని టేకులు అని ఓపిగ్గా రాసే అలవాటు ఉందని ఫోకస్ పుల్లరుకు అర్థమవుతుంది. పనుల పేర్లు రాస్తే చాలు, గుణాలు వాటంతట అవే తెలుస్తాయి.

క్రెడిట్ల వరుసలో సాధారణంగా కొత్తవి పైన ఉంటాయి. మీ దగ్గర ఐదే ఉంటే, అడుగుతున్న పనికి దగ్గరగా ఉన్నదాన్ని ముందు పెట్టడం మేలు. సౌండ్ విభాగానికి పంపేటప్పుడు, రెండేళ్ల కిందట బూమ్ పట్టిన లఘుచిత్రమే పైన ఉండాలి, నిరుడు కాస్ట్యూమ్స్‌లో సాయం చేసినది కింద ఉండాలి.

ఇక నిజాయితీ. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మంచి పిల్లలు నష్టపోవడం ఇక్కడే చూశాను. ఒకసారి ఒక కుర్రాడి రెజ్యూమెలో ఒక చిన్న సినిమాకు ‘ఫోకస్ పుల్లర్’ అని ఉంది. ఆ సినిమాకు ఫోకస్ చూసినవారు నాకు తెలుసు. ఫోను చేసి అడిగితే, ఆ అబ్బాయి నేల మీద గుర్తులు వేసేవాడని, క్లాప్ కొట్టేవాడని, రెండూ చాలా శ్రద్ధగా చేశాడని చెప్పారు. మాకు ఆ రోజు కావలసింది సరిగ్గా ఆ రెండు పనులు చేసే మనిషే. చేసిన పనే రాసి ఉంటే ఆ ఉద్యోగం అతనిదే. రాసినదానికీ విన్నదానికీ పొంతన లేకపోవడంతో వేరొకరిని పిలిచాం. ఇప్పటికీ నాకు ఆ విషయం గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

కాబట్టి విద్యార్థి చిత్రాన్ని విద్యార్థి చిత్రమనే రాయండి. ముగ్గురే ఉన్న యూనిట్‌లో కెమెరా మీరే చూసి ఉంటే ఛాయాగ్రాహకుడు అని రాయవచ్చు, కానీ రకం దగ్గర ‘విద్యార్థి లఘుచిత్రం’ అని ఉండాలి. పెద్ద సినిమాకు ఒక్క రోజు మాత్రమే వెళ్లి ఉంటే ‘ఒక రోజు’ అని పక్కన పెట్టండి. పెద్ద సెట్ ఎలా నడుస్తుందో ఒక రోజు చూసినా విలువే. సినిమా ఇంకా బయటికి రాకపోతే ‘పోస్ట్ ప్రొడక్షన్‌లో’ అని రాయండి. విషయాలు బయటపెట్టబోమని సంతకం చేసి ఉంటే, సినిమా పేరు రాసే ముందు నిర్మాణ సంస్థను అడగండి. వద్దంటే ‘పేరు ప్రకటించని చిత్రం’ అని రాస్తే సరిపోతుంది, పరిశ్రమలో అది అందరికీ అర్థమయ్యే మాటే. చిత్రోత్సవాల విషయంలోనూ ఇదే జాగ్రత్త: సినిమాను పంపడం వేరు, ఎంపిక కావడం వేరు. ఎంపికైతేనే ఆ ఉత్సవం పేరు, సంవత్సరం రాయండి. డబ్బు తీసుకోకుండా చేశారా అన్నది రాయనక్కర్లేదు.

ఇంకో చిన్న విషయం. 1990లో ఇంటర్నెట్‌లో అభిమానులు పంచుకున్న జాబితాలుగా మొదలైన సినిమా వివరాల వెబ్‌సైటు ఐఎండీబీని ఇప్పుడు పనిలోకి తీసుకునేవారు కూడా చూస్తారు. అక్కడ మీ పేరు ఉంటే దాని అక్షరాలు, రెజ్యూమెలో అక్షరాలు, సినిమా చివర పడే అక్షరాలు ఒకే తీరులో ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే మీరిద్దరు మనుషులైపోతారు.

ఒక్క క్రెడిట్ కూడా లేకపోతే

అప్పుడు రెజ్యూమె రాయడం ఒక నెల వాయిదా వేసి, ఆ నెలలో క్రెడిట్ సంపాదించండి. ఇది చెప్పినంత కష్టం కాదు. సినిమా చదువుకునే విద్యార్థులకు ఎప్పుడూ మనుషులు చాలరు. బూమ్ పట్టేవారు, కంటిన్యుటీ (ఒక షాటుకూ మరో షాటుకూ దుస్తులు, వస్తువులు, కదలికలు కలిసేలా చూసే నోట్సు) రాసేవారు, సామాను కాపలా చూసేవారు వారికి ప్రతి షూటింగ్‌కూ కావాలి. ఒక శని, ఆదివారాలు ఇవ్వగలిగితే ఒక వరుస మీదవుతుంది. వెళ్లినప్పుడు ‘ఏదైనా చేస్తాను’ అనకుండా ‘కంటిన్యుటీ నోట్సు నేను రాస్తాను’ అని అడగండి. పేరున్న పని చేస్తేనే పేరున్న క్రెడిట్ వస్తుంది.

ఇంట్లో చేసిన సాధన కూడా చూపవచ్చు, అది సాధన అని రాసినంతవరకు. అసిస్టెంట్ ఎడిటర్ కావాలనుకునేవారు ఒక విద్యార్థి బృందం దగ్గర రష్‌లు, అంటే ఎడిటింగ్ చేయని ముడి షాట్లు, అడిగి తీసుకుని, బొమ్మనూ శబ్దాన్నీ కలిపి, సీన్ల వారీగా బిన్‌లలో (ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోని ఫోల్డర్లలో) సర్ది చూపిస్తే నాకైతే అది ఒక క్రెడిటుకు తక్కువేమీ కాదు.

బయట చేసిన ఉద్యోగాలు

సినిమా మీద ప్రేమతో వచ్చేవారు చాలామంది తమ పాత ఉద్యోగాలను దాచేస్తారు. అది పొరపాటు. రద్దీ వేళల్లో హోటల్లో వడ్డించినవారికి సెట్ మీద ఒత్తిడి కొత్తగా అనిపించదు. సరుకులు చేరవేసే వ్యాన్ నడిపినవారు ప్రొడక్షన్ విభాగానికి మొదటి రోజునుంచే పనికొస్తారు. వడ్రంగం, రంగులు వేయడం తెలిసినవారి కోసం ఆర్ట్ విభాగం ఎదురుచూస్తుంది. కుట్టుపని కాస్ట్యూమ్స్‌కు, లెక్కలు రాసిన అనుభవం ప్రొడక్షన్ అకౌంట్సుకు. ఎలక్ట్రీషియన్‌గా అర్హత ఉన్నవారు లైటింగ్ విభాగానికి దరఖాస్తు చేస్తుంటే, దాన్ని క్రెడిట్లకన్నా పైన పెట్టమంటాను. కరెంటుతో పని ప్రాణాలతో పని, అది తెలిసిన చేయి అన్నిటికన్నా ముఖ్యం.

రెండో మూడో ఉద్యోగాలు చాలు, ఒక్కోదానికి ఒక్క వరుస. ‘వ్యాన్ డ్రైవర్, రెండేళ్లు, ఉదయం నాలుగు గంటల డ్యూటీ’ అని రాస్తే కాల్ టైముకు వచ్చే మనిషి అని వేరే చెప్పాలా?

నైపుణ్యాలు: రేపు పొద్దున ఒంటరిగా చేయగలిగినవే

ఈ భాగంలో గుణగణాలు వద్దు. నాయకత్వ లక్షణం, కలుపుగోలుతనం, సృజనాత్మకత అందరూ రాస్తారు, ఎవరూ చదవరు. ఇక్కడ ఉండాల్సినవి చేతి పనులు, పరికరాలు, సాఫ్ట్‌వేర్లు.

పరీక్ష ఒక్కటే. ‘ఇదిగో, చేసి చూపించండి’ అని ఎవరైనా అంటే చేయగలరా? చేయగలిగితే రాయండి. ఒకసారి పక్కన నిలబడి చూసిన కెమెరా పేరు రాయకండి. సెట్ మీద దాన్ని మీ చేతికే ఇస్తారు.

ప్రొడక్షన్‌కైతే కాల్ షీట్ తయారీ, వాకీటాకీలో క్లుప్తంగా మాట్లాడటం, చిల్లర ఖర్చుల లెక్క, స్ప్రెడ్‌షీట్లు రాయవచ్చు. షూటింగ్ షెడ్యూలు వేసే సాఫ్ట్‌వేర్ మూవీ మ్యాజిక్ షెడ్యూలింగ్ వాడి ఉంటే తప్పకుండా రాయండి. ఎడిటింగ్‌కైతే అవిడ్ మీడియా కంపోజర్, ప్రీమియర్ ప్రో, డావిన్చి రిజాల్వ్. వీటిలో రిజాల్వ్‌కు ఉచిత వెర్షన్ ఉంది కాబట్టి ఇంట్లోనే చేయి తిప్పుకోవచ్చు. డేటా చూసుకునేవారైతే ఒక్క మాట అదనంగా రాయండి: కెమెరా కార్డును వేర్వేరు డ్రైవుల్లోకి కాపీ చేసి, చెక్‌సమ్‌తో (కాపీ అసలుతో సరిపోలిందో చెప్పే లెక్కతో) సరిచూసిన తరవాతే ఖాళీ చేస్తానని. ఈ క్రమం తెలియని మనిషి చేతిలో ఒక రోజు షూటింగ్ మొత్తం పోవచ్చు, అందుకే చదివేవారు దీన్ని పట్టి చూస్తారు.

అన్ని విభాగాలకూ పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. డ్రైవింగ్ లైసెన్సు, ఏ వాహనాలకు చెల్లుతుందో సహా. సొంత వాహనం. మాట్లాడగలిగే భాషలు. ప్రథమ చికిత్సలో శిక్షణ. మొదటి మెట్టు మీదున్నవారికి నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ పిలుపులు తెచ్చింది డ్రైవింగ్ లైసెన్సే. దాన్ని అడుగున ఎక్కడో పడేయకండి.

పేజీ ఎలా ఉండాలి

ఒక్క పేజీ. పైన పేరు, హోదా, ఫోను నంబరు, మెయిల్, ఉండే ఊరు, వేరే ఊళ్లకు వెళ్లగలరా అన్న మాట. తరవాత క్రెడిట్లు, నైపుణ్యాలు, బయటి ఉద్యోగాలు, చివర చదువు. అక్షరాలు 10 నుంచి 12 పాయింట్ల మధ్య ఉంటే ఫోనులోనూ చదవవచ్చు. పీడీఎఫ్‌గానే పంపండి, లేకపోతే అవతలివారి ఫోనులో పట్టిక చెదిరిపోతుంది.

ఫొటో, వయసు, పెళ్లి వివరాలు, ఇంటి పూర్తి చిరునామా సాంకేతిక విభాగాలవారికి అవసరం లేదు. ‘సవాళ్లతో కూడిన వాతావరణంలో ఎదగాలని’ మొదలయ్యే ఆశయ వాక్యమూ అక్కర్లేదు. ఆ చోటులో మీరు ఏ తేదీలనుంచి ఖాళీయో రాయండి. నైపుణ్యం పక్కన ఐదు చుక్కలు గీసి నాలుగు నింపే బొమ్మలు ఈమధ్య ఎక్కువయ్యాయి. నాలుగు చుక్కల ఎడిటింగ్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు.

మీ గురించి చెప్పగలవారి పేర్లు రెండు ఉంటే మంచిది. మీ పనిని స్వయంగా చూసినవారై ఉండాలి, ముందే అడిగి ఒప్పించుకోవాలి. వారి ఫోను నంబర్లు ఎవరైనా అడిగినప్పుడే ఇవ్వండి.

నటులకు లెక్క వేరు. వారికి ఫొటో తప్పనిసరి. అమెరికాలో 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తున్న ఫొటో వెనక రెజ్యూమె అతికించి ఇచ్చే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఎత్తు, పోషించగల వయసు పరిధి, భాషలు, ఈత, గుర్రపు స్వారీ, నాట్యం లాంటివి రాయాలి. గుంపులో కనిపించిన పనిని పాత్రగా చూపకూడదు. ఛాయాగ్రాహకులు, ఎడిటర్లు పేజీతో పాటు ఒకటి రెండు నిమిషాల షో రీల్ (చేసిన పనిలో మంచివాటిని కూర్చిన వీడియో) లింకు ఇవ్వాలి. అందులో మీ మంచి షాట్ మొదటి పది సెకన్లలోనే రావాలి. లింకును పంపే ముందు వేరేవారి ఫోనులో ఒకసారి తెరిచి చూడండి.

పంపడం, పంపాక

ఫైలు పేరులో మీ పేరూ హోదా ఉండాలి. ‘రెజ్యూమె కొత్తది ఫైనల్’ అనే పేరుతో ఒకే ఫోల్డరులో ఎన్ని ఫైళ్లుంటాయో ఊహించండి. మెయిల్ శీర్షికలో హోదా, పేరు, ఖాళీగా ఉన్న తేదీలు. లోపల నాలుగు వాక్యాలు చాలు:

*నమస్కారం. ప్రొడక్షన్ అసిస్టెంటుగా పని కోసం రాస్తున్నాను. రెండు లఘుచిత్రాలకు, ఒక మ్యూజిక్ వీడియోకు కలిపి తొమ్మిది రోజులు సెట్ మీద పనిచేశాను. కారు నడపగలను, లైసెన్సు ఉంది. ఈ నెల 12 నుంచి ఖాళీగా ఉన్నాను, ముందు రోజు రాత్రి చెప్పినా రాగలను.*

చివరి వాక్యం ఎంత విలువైనదో మొదట్లో చెప్పిన రాత్రి తొమ్మిది గంటల ఫోనును గుర్తు చేసుకుంటే తెలుస్తుంది. అయితే నిజంగా రాగలిగితేనే రాయండి.

జవాబు రాకపోతే పది రోజుల తరవాత ఒక్కసారి, ఒక్క వాక్యంతో గుర్తు చేయండి. ఆ తరవాత కొత్త క్రెడిట్ వచ్చినప్పుడే మళ్లీ రాయండి. అప్పుడు ‘ఈ మధ్య ఫలానా చిత్రానికి ఆరు రోజులు పనిచేశాను, కొత్త రెజ్యూమె జతచేశాను’ అని చెప్పడానికి కారణం ఉంటుంది.

ప్రతి షూటింగ్ చివరి రోజున, ఇంటికి వెళ్లే దారిలోనే ఆ వరుసను ఫోనులో రాసి పెట్టుకోండి: ఎన్ని రోజులు, ఏ పని, ఎవరి కింద. ఎనిమిది, పది క్రెడిట్లు అయ్యేసరికి వాటి కింది వివరణ వాక్యాలకు పేజీలో చోటు చాలదు. అప్పుడు వాటిని తీసేయండి. ఆ తరవాత ఒక్కో కొత్త వరుసకూ పాతవాటిలో బలహీనమైనది, బహుశా మీరు మొట్టమొదట పనిచేసిన ఆ విద్యార్థి చిత్రం, జాగా ఇస్తుంది. దాని కాల్ షీట్ మాత్రం ఫోల్డరులో ఉంచుకోండి.